పోయినవాడి వాటా

‘బోన్స్’ అనే అమెరికన్ నేరపరిశోధన సీరియల్ ఫాక్స్ చానల్లో 2005 సెప్టెంబరు నుంచి 2017 మార్చి దాకా పన్నెండు సీజన్లు, 246 భాగాలు నడిచింది. ఎముకలు చూసి చనిపోయినవాళ్ల సంగతి చెప్పగలిగే శాస్త్రవేత్త టెంపరెన్స్ బ్రెనన్, ఎఫ్‌బీఐ అధికారి సీలీ బూత్ అందులో నాయికానాయకులు. ప్రేక్షకులు ఆరు సీజన్లపాటు ఎదురుచూసిన వాళ్ల కలయిక 2011 మే 12న ప్రసారమైన భాగంలో జరిగింది. అదే భాగంలో, అంతకు కొన్ని గంటల ముందు, వాళ్లతోపాటు ల్యాబులో పనిచేసే విన్సెంట్ నైజెల్-మర్రే అనే కుర్రాడు తుపాకి గుండుకు బలయ్యాడు. తోటి ఉద్యోగి పోయిన రాత్రే ఆ జంటను కలపడం సబబా అన్నది ఇక్కడి వాదన. వాదించేవాళ్లు ఇద్దరు. ఒకరు సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా రిటైరై హైదరాబాదులో ఉంటున్న బాబాయి. రెండో మనిషి ఆయన అన్నగారి కూతురు, వెబ్ సిరీస్‌లకు కథలు రాస్తుంది. ఇద్దరికీ ఈ సంగతి కాలక్షేపం కాదు. ఆయన తోటివాళ్లను సాగనంపి వచ్చిన మనిషి. ఆమె ఇప్పుడు రాస్తున్న పోలీసు కథలో ఒక కానిస్టేబుల్ చనిపోవాలి.

బాబాయి: నువ్వు చూడమన్నావని చూశానమ్మా. ఒకసారి కాదు, రెండుసార్లు చూశాను. ఆ పిల్లవాడు పనిచేసే చోటే నేలమీద పడి ప్రాణం వదిలాడు. తెల్లవారకముందే వీళ్లిద్దరూ ఒకటయ్యారు. మర్నాడు ఆమె ఆ సంగతి స్నేహితురాలితో చెప్తుంటే ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. నాకది మింగుడుపడలేదు. శవాన్ని ఇంకా సాగనంపనైనా లేదు. ఆరేళ్లుగా కలవనివాళ్లను కలపడానికి వాళ్లకొక చావు కావలసివచ్చింది. ఎవరో ఒకరు పోవాలి, నాయకుడు పోకూడదు, నాయిక పోకూడదు. కాబట్టి పక్కనున్న కుర్రాణ్ని పొట్టన పెట్టుకున్నారు.

అమ్మాయి: మీ కోపమంతా తర్వాత జరిగినదాని మీద ఉంది బాబాయ్. ముందు ఆ చావు ఎలా వచ్చిందో చూడండి. జేకబ్ బ్రాడ్‌స్కీ, బూత్ ఇద్దరూ సైన్యంలో స్నైపర్లుగా చేసినవాళ్లు. బూత్‌కు ఒకప్పుడు అతనంటే గౌరవం. అలాంటివాడు ఇప్పుడు తనే జడ్జీ, తనే తలారీ అయి మనుషుల్ని చంపుతున్నాడు, బూత్ అతని వెంటపడ్డాడు. అందరూ ల్యాబులో ఉండగా బూత్ ఫోన్ మోగింది. బూత్ ఆ ఫోన్‌ని విన్సెంట్ చేతికిచ్చి మాట్లాడమన్నాడు. ఎత్తినవాడే బూత్ అనుకుని బ్రాడ్‌స్కీ కాల్చాడు. అంటే ఆ చావు బూత్‌ది. అతని చేత్తోనే అది ఆ కుర్రాడికి చేరింది. ఏ దారిన పోయేవాణ్నో చంపి ఈ కథ నడిపించలేరు.

బాబాయి: సరే, బూత్ సంగతి ఒప్పుకుంటా. మరి ఆమె?

అమ్మాయి: ఆమెది ఇంకా బరువైనది. గాయం మీద రెండు చేతులూ అదిమిపెట్టి కూర్చుంది. ఆ కుర్రాడు తనను పంపెయ్యొద్దనీ, తనకిక్కడ ఉండాలనుందనీ ఆమె మొహంలోకి చూస్తూ బతిమాలాడు. అతను ఎవరో గుర్తుందా? మధ్యలో కొన్నాళ్లు వెళ్లిపోయి, తాగుడుకు బానిసై, అది మానుకునే ప్రయత్నంలో తిరిగొచ్చినవాడు. వచ్చీ రాగానే తాను నొప్పించిన ప్రతివాళ్లనూ పేరుపేరునా క్షమాపణ అడిగాడు. ఆ ల్యాబు అతనికి జీతమిచ్చే చోటు మాత్రమే కాదు, తిరిగి మనిషైన చోటు. బ్రెనన్ ఏమనుకుంది? తాను ఎప్పుడూ కఠినంగా ఉంటుంది కాబట్టి, చచ్చిపోతూ కూడా ఈమె ఎక్కడ ఉద్యోగంలోంచి తీసేస్తుందో అని భయపడ్డాడనుకుంది. ఆ రాత్రి భద్రత కోసం బూత్ ఆమెను తన ఇంట్లోనే ఉండమన్నాడు. నిద్రపట్టక లేచి అతని గది తలుపు తీసి ఆమె అడిగింది ప్రేమ కాదు. నేను అంత రాతిమనిషినా అని అడిగింది. అతను వేడుకున్నది నిన్ను కాదు, దేవుణ్ని, ఇంకొంచెంసేపు ఇక్కడ ఉండనివ్వమని అడిగాడు అన్నాడు బూత్. ఆ మాట విన్నాకే ఆమె ఏడ్చింది. ఇందులో మీకు సరసం ఎక్కడ కనబడింది?

బాబాయి: ఏడుపు నిజమైనదే. ఆ అమ్మాయి బాగా చేసింది కూడా. ఆ ఏడుపుకు కథ పెట్టిన వెల గురించే నా గొడవంతా. వారం తిరిగేసరికి, మే 19న, ఆమె తాను తల్లిని కాబోతున్నానని బూత్‌తో చెప్పింది. అక్కడికి సీజను అయిపోయింది. ఆ నవ్వుల్లో పోయినవాడు ఏమయ్యాడు? ఇంకో సంగతి కూడా తెలుసుకున్నాను. ఆ పాత్ర వేసిన రయాన్ కార్ట్‌రైట్‌కు అప్పటికే ‘ఆల్ఫాస్’ అనే వేరే సీరియల్లో వేషం దొరికింది, అది ఆ జూలైలో మొదలైంది. నాయిక వేసిన ఎమిలీ డెషనెల్ నిజజీవితంలో గర్భవతి, సెప్టెంబరులో ఆమెకు కొడుకు పుట్టాడు. అంటే ఒకడు వెళ్లిపోవాలి, ఒకామె కడుపు కథలోకి రావాలి. ఒకే గుండుతో రెండు పనులూ కానిచ్చారు. దీన్ని కళ అనమంటావా?

అమ్మాయి: అనమంటాను. అవసరం ఎక్కణ్నుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న, దాన్ని ఎలా తీర్చారన్నది వేరే ప్రశ్న. డెషనెల్ కాన్పు వల్లే ఏడో సీజన్‌ను పదమూడు భాగాలకు కుదించారు. అది వ్యాపారం, దాన్ని నేను దాచను. కానీ ఆ కుర్రాణ్ని వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చిందని పంపేసి ఉండొచ్చు. వీళ్లిద్దరినీ ఏ విందులోనో వైన్ తాగించి కలిపేసి ఉండొచ్చు. తేలికైన దారి అదే. ఈ రచయితలు అలా చెయ్యలేదు. ఆరేళ్లుగా వాళ్ల మధ్య అడ్డున్నదేమిటో చూడండి. 2010 ఏప్రిల్లో నూరో భాగంలో బూత్ నోరు తెరిచి అడిగాడు, ఆమె కాదంది. తన మనసు మారదనీ, అతన్ని బాధపెట్టడం తప్ప ఏమీ చెయ్యలేననీ భయం. అదే మే నెలలో అతను అఫ్ఘానిస్తాన్‌కూ ఆమె ఇండోనేషియాలోని మలుకు దీవులకూ వెళ్లిపోయారు. తిరిగొచ్చేసరికి అతని పక్కన ఇంకో అమ్మాయి ఉంది. డిసెంబరులో ఈమె తన మనసు చెప్పుకుంది, అప్పుడు అతను కాదన్నాడు. ఆ ఇంకో అమ్మాయితో పెళ్లిమాట ఫిబ్రవరిలో చెడింది. అప్పటికి ఇద్దరూ ఒకరినొకరు ఒక్కోసారి కాదన్నవాళ్లు. మాటతో తెరుచుకోవలసిన తలుపులన్నీ మాటతోనే మూసుకున్నాయి. ఇక మిగిలింది మాట అక్కర్లేని క్షణం ఒక్కటే.

బాబాయి: అలాంటి క్షణం అంతకు ముందు రాలేదా? 2008లో బూత్ పోయాడనే అనుకుంది కదా ఆమె. అంత్యక్రియలదాకా వెళ్లింది. అతను బతికే ఉన్నాడు, నేరస్థుణ్ని పట్టుకోవడానికి ఆడిన నాటకమని తెలిసి దవడ మీద ఒకటిచ్చింది. స్వయంగా అతని చావే వాళ్లను కలపలేకపోతే, పక్కవాడి చావు ఎలా కలుపుతుంది?

అమ్మాయి: అదే నేను చెప్పేది! 2008లో పోగొట్టుకున్నది ఆమె ఒక్కతే. అతను మోసం చేసినవాడి కింద లెక్క. అక్కడ ఒకరికి దుఃఖం, ఒకరికి సంజాయిషీ. 2011లో ఇద్దరూ ఒకే నేలమీద మోకాళ్ల మీద కూర్చున్నారు, ఇద్దరి చేతులకూ ఒకే నెత్తురు. ఫోన్ నేనెందుకిచ్చాను అని ఒకరు, నేనెందుకు అంత కటువుగా ఉన్నాను అని ఒకరు. ఆ రాత్రి ఆ ఊళ్లో ఆ బాధ తెలిసిన ఇంకో మనిషి లేడు. మికులిన్సర్, ఫ్లోరియన్, హిర్ష్‌బెర్గర్ అని ఇజ్రాయెల్ మనస్తత్వవేత్తలు ముగ్గురు ఈ సంగతి మీదే పరిశోధన చేశారు. చావు గుర్తుకొచ్చినప్పుడు మనిషి తనకు దగ్గరివాళ్ల వైపు ఇంకా బలంగా మళ్లుతాడని వాళ్ల నిర్ధారణ. మన ఇళ్లలో ఇది పరిశోధన చెయ్యకుండానే తెలుసు. శ్మశానం నుంచి వచ్చినవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి తీసుకోవడం మీరు చూడలేదా?

బాబాయి: చూశాను. నాకు తెలిసినది చెప్తాను విను. నేను ఎస్సైగా ఉన్నప్పుడు జాతర బందోబస్తు నుంచి వస్తున్న జీపును లారీ గుద్దింది. ఒక కానిస్టేబుల్ అక్కడికక్కడే పోయాడు. పెళ్లికాని కుర్రాడు. ఆ డ్యూటీ వేసింది నేను. ఆ రోజు సెలవు అడిగాడు, మనుషులు తక్కువున్నారని ఇవ్వలేదు. పంచనామా అయ్యాక, పోస్టుమార్టానికి పంపాక, నేను మా ఇంటికి వెళ్లలేదమ్మా. వాళ్ల ఊరికి వెళ్లాను. తెల్లవారుజామున తలుపు కొట్టాను. యూనిఫాం చూడగానే ఆ తల్లికి అర్థమైపోయింది. ఆమె నన్ను అడిగిన మొదటి మాట, నా కొడుకు అన్నం తిన్నాడా సారూ అని. నాకు తెలియదు. తిన్నాడని చెప్పాను. మధ్యాహ్నందాకా ఆ అరుగుమీదే కూర్చున్నాను.

అమ్మాయి: ఆ తర్వాత?

బాబాయి: తర్వాతేముంది, ఇంటికొచ్చాను. మీ పిన్ని ఏమీ అడగలేదు. నీళ్లు తోడింది, అన్నం పెట్టింది. ఆ రాత్రంతా నేను ఆమె చెయ్యి వదల్లేదు. నువ్వు చెప్తున్నది అబద్ధమని నేననడం లేదు. కానీ దేనికైనా వరస ఉంది. ముందు పోయినవాడి గడప తొక్కాలి, ఆ తర్వాతే మన ఇంటి గడప. ఈ సీరియల్లో ఆ గడపే లేదు. విన్సెంట్ ఇంగ్లండు కుర్రాడు. అతను పోయిన రాత్రి కెమెరా అతని ఇంటివైపు కన్నెత్తి చూడలేదు, తిన్నగా బూత్ పడకగదికి వెళ్లింది.

అమ్మాయి: ఇక్కడ మీతో వాదించడం కష్టం. అయినా ఒక మాట. మీకు వెళ్లడానికి గడప ఉంది, అక్కడికి తీసుకెళ్లడానికి యూనిఫాం ఉంది. పోలీసు పోతే ఏం చెయ్యాలో మీ డిపార్టుమెంటుకు తెలుసు. తుపాకులు తలకిందులు చేసి శోక్ శస్త్ర్ అంటారు, బ్యూగిల్ ఊదుతారు. ఏటా అక్టోబరు 21న, 1959లో లదాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల చేతిలో పోయిన పదిమంది పోలీసులను తలుచుకుంటూ దేశమంతా పరేడ్ చేస్తారు. ఇక్కడ గోషామహల్లో మీరు ప్రతి ఏడూ వెళ్తారు, ఆ ఏడాది పోయినవాళ్ల పేర్లు చదువుతుంటే నిలబడి వింటారు. మిగతా ఉద్యోగాల్లో ఏముంది? చుట్టం పోతే పది రోజులు మైల. పాలివాళ్లు ఎంత దూరమైనా కనీసం తలస్నానం చేస్తారు. పక్క కుర్చీలో ఎనిమిదేళ్లు కూర్చున్న మనిషి పోతే? మైల లేదు, సెలవు లేదు, ఏడవడానికి వరస లేదు. వాట్సాప్ గ్రూపులో చేతులు జోడించిన బొమ్మ పెట్టి మధ్యాహ్నం మీటింగుకు వెళ్తాం. భార్యకంటే ఎక్కువ గంటలు మనతో గడిపిన మనిషికి మన మీద ఏ హక్కూ ఉండదు. ఆ దుఃఖానికి శాస్త్రం దారి చూపించలేదు కాబట్టే అది దొరికిన తలుపు తడుతుంది. బ్రెనన్ తట్టింది అలాంటి తలుపే.

బాబాయి: ఈ మాట మాత్రం నేను ఆలోచించలేదు.

అమ్మాయి: చివర్లో వాళ్లేం చేశారో కూడా గుర్తుచేసుకోండి. శవపేటికను బండిలోకి ఎక్కిస్తూ అతనికిష్టమైన పాట, హ్యారీ నిల్సన్ పాడిన ‘కోకోనట్’, అందరూ కలిసి పాడారు. చూసినవాళ్లలో కొందరికి అది వెర్రిగా అనిపించింది. నాకు అలా అనిపించలేదు. మంత్రం లేనివాళ్లు మంత్రం బదులు పాడిన పాట అది. విన్సెంట్ బతికున్నన్నాళ్లూ సందర్భం ఉన్నా లేకపోయినా వింతవింత సంగతులు ఏకరువు పెట్టి అందర్నీ విసిగించినవాడు, కాబట్టి అతన్ని తలుచుకోవడానికీ అలాంటి సంగతులే చెప్పుకున్నారు. అది కర్మకాండ కాదా?

బాబాయి: అవును, అది బాగుంది. నా కళ్లు చెమర్చింది అక్కడే, పడకగదిలో కాదు. కానీ సాహిత్యం చదువుకున్న పిల్లవి, నువ్వే చెప్పు. కరుణరసానికీ శృంగారానికీ పొత్తు కుదరదని మనవాళ్లు అనలేదా?

అమ్మాయి: అన్నారు. అని, కుదిరే చోటు కూడా చూపించారు. స్త్రీపర్వంలో భూరిశ్రవుడి భార్య సంగతి మీకు తెలిసిందే, తిక్కన భారతం మీ దిండు పక్కనే ఉంటుంది. అర్జునుడి బాణానికి తెగిపడిన భర్త చెయ్యిని ఒళ్లో పెట్టుకుని, అది తనను ఎలా లాలించిందో తలుచుకుని ఏడుస్తుంది. యుద్ధభూమిలో, శవాల మధ్య, పచ్చి శృంగారం. ఆలంకారికులు ఆనందవర్ధనుడూ మమ్మటుడూ ఇద్దరూ దాన్నే ఉదాహరణగా తీసుకున్నారు. అక్కడ శృంగారం కరుణకు అంగమై దాన్ని ఇంకా పెంచింది కాబట్టి దోషం లేదన్నారు.

బాబాయి: తల్లీ, నువ్వు నా చేతికే కర్ర ఇచ్చావు. ఆ చెయ్యి ఎవరిది? పోయినవాడిది. ఆ శృంగారం ఎవరిది? పోయినవాడిదే. ఆమె తలుచుకున్న ప్రతి సరసమూ తిరిగి అతని చావు దగ్గరికే వచ్చి చేరింది. అక్కడ శృంగారం కరుణకు ఊడిగం చేసింది. ఇక్కడ తిరగబడింది. కుర్రాడి చావు జంట శృంగారానికి ఊడిగం చేసింది. నువ్వు చెప్పిన ఆలంకారికులే వచ్చి కూర్చుంటే ఇక్కడ అంగమేది, అంగి ఏది అని అడుగుతారు. కథ పూర్తయ్యాక ప్రేక్షకుడు దేన్ని గుర్తుపెట్టుకున్నాడు? ఆ రాత్రినా, ఆ కుర్రాణ్నా?

అమ్మాయి: ఎక్కువమంది ఆ రాత్రినే గుర్తుపెట్టుకున్నారు. అది కాదనలేను.

బాబాయి: అదీ నా ఫిర్యాదు. మన సినిమాల్లోనూ ఇదే చూస్తున్నాను. ఇంటర్వెల్‌కు ముందు హీరో స్నేహితుడు పోతాడు. హీరో ఆకాశంకేసి అరుస్తాడు, సెకండాఫ్‌లో పగ తీర్చుకుంటాడు, మధ్యలో డ్యూయెట్ పాడతాడు. ఆ స్నేహితుడికి తల్లి ఉందో లేదో మనకు తెలియదు.

అమ్మాయి: ఆ సినిమాలతో దీన్ని కలపకండి బాబాయ్. ఇక్కడ పగ తీర్చుకోవడమే లేదు. బూత్ బ్రాడ్‌స్కీని ప్రాణాలతో పట్టుకున్నాడు. చంపగలిగినవాడు, చంపడం వచ్చినవాడు, చంపలేదు. ఆ కుర్రాడికి చేసిన న్యాయం అది కాదా?

బాబాయి: అది చట్టానికి చేసిన న్యాయం. నా డ్యూటీ అయినా అదే అయ్యుండేది. సరే, నువ్వు చెప్పిన రెండో సీరియల్ తీసుకో. ‘క్యాసిల్’. అది ఏబీసీ చానల్లో, ఇదయ్యాక సరిగ్గా నాలుగు రోజులకు, మే 16న. అక్కడా స్నైపరే, అక్కడా తోటి అధికారి చావే. కెప్టెన్ మాంట్‌గోమరీ కుర్రతనంలో ఒక తప్పు చేసి, దాన్ని ఏళ్ల తరబడి కప్పిపెట్టి, ఆ తప్పు తన కింద పనిచేసే డిటెక్టివ్ బెకెట్ ప్రాణం మీదికి వస్తే ఆమెకు అడ్డంగా నిలబడి చచ్చిపోయాడు. పోయేముందు, ఆమెతో కలిసి కేసులు చూసే రచయిత క్యాసిల్‌ని పిలిపించి ఈమెను ఇక్కణ్నుంచి తీసుకుపొమ్మన్నాడు. ఆమె పెనుగులాడుతుంటే క్యాసిల్ ఎత్తుకుని బయటికి తెచ్చి, అరవకుండా నోరు మూసి పట్టుకున్నాడు. లోపల తుపాకుల మోత. ఆ సీను నాకు నిద్రపట్టనివ్వలేదు. అంత్యక్రియల్లో కెప్టెన్ గురించి ఆమె మాట్లాడుతుండగా ఆమెనూ కాల్చారు. గడ్డిలో పడి ఉన్న ఆమెతో క్యాసిల్ తన ప్రేమ చెప్పాడు. కానీ ఆ కథ వాళ్లను కలిపిందా?

అమ్మాయి: లేదు. సెప్టెంబరులో కథ మళ్లీ మొదలయ్యాక ఆమె తనకేమీ గుర్తులేదంది. అది అబద్ధం. మరుసటి ఏడు, 2012 మే 7నగానీ కలవలేదు.

బాబాయి: ఏడాది! ఆ ఏడాదీ ఆమె గాయంతో కుస్తీపట్టింది. పోయినవాడు ఆమె మనసులో ఉన్నాడు, అతని తప్పూ ఉంది, అతని త్యాగమూ ఉంది. మర్యాద అంటే అదీ. చావుకు ఇవ్వవలసిన సమయం ఇచ్చారు.

అమ్మాయి: ఆ ఏడాదిని మీరు మర్యాద అంటున్నారు, అందులో సగాన్ని నేను సాగదీత అంటాను. ఆ సంగతి పక్కనపెట్టినా, సమయం ఇవ్వడమే న్యాయమనుకుంటే విధవకు ఏడాదిపాటు మూల గది చూపించినవాళ్లూ అదే మాట అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషికి ఎవరి స్పర్శ కావాలో, ఎప్పుడు కావాలో బయటివాళ్లు గడియారం పెట్టి చెప్పకూడదు. బ్రెనన్ ఆ రాత్రి లేచి వెళ్లి తలుపు తట్టడంలో అమర్యాద ఏమీ లేదు. ఆమె జీవితమంతా ఎముకల్ని బల్లమీద పెట్టి దూరం నుంచి చూసింది. మొదటిసారి పోయే ప్రాణాన్ని చేతుల్లో పట్టుకుంది. ఆ తర్వాత ఒంటరిగా పడుకోలేకపోయింది. అంతే.

బాబాయి: తలుపు తట్టినందుకు ఆమెను నేనెందుకు తప్పుపడతాను? మీ పిన్ని చెయ్యి పట్టుకుని నేను పడుకోలేదా? నా తగువు ఆమెతో కాదు, కథ రాసినవాడితో. ఆమె దుఃఖంలో ఉంది, కాబట్టి పోయినవాణ్ని ఆ రాత్రికి మరిచిపోయే హక్కు ఆమెకుంది. రాసేవాడికి లేదు. వాడు తీరిగ్గా బల్లదగ్గర కూర్చుని, ఎవరు పోవాలో ఎవరుండాలో నిర్ణయించినవాడు. ప్రాణం తీసినవాడిమీద బాకీ ఉంటుంది.

అమ్మాయి: (కొంచెంసేపు ఆగి) ఆ బాకీ వాళ్లు అసలు తీర్చలేదనడం మాత్రం తప్పు. తర్వాతి భాగంలో ఇద్దరు తల్లుల కబురుంది. మీరు బ్రెనన్ కబురే విన్నారు. అదే భాగంలో బ్రెనన్ స్నేహితురాలు ఏంజెలాకూ, ఆ ల్యాబులోనే పనిచేసే ఆమె భర్త హాడ్జిన్స్‌కూ కొడుకు పుట్టాడు. వాడి పేరు మైకేల్ స్టకాటో విన్సెంట్ హాడ్జిన్స్. పోయినవాడి పేరు ఆ ల్యాబులోని మనుషులు తమ ఇంట్లో పిల్లవాడికి పెట్టుకున్నారు. మనం తాతల పేర్లు పెట్టుకుంటాం. తోటి ఉద్యోగి పేరు బిడ్డకు పెట్టుకున్నవాళ్లను మీరు ఎంతమందిని చూశారు?

బాబాయి: ఒక్కణ్నీ చూడలేదు.

అమ్మాయి: మూడేళ్ల తర్వాత ఇంకా నేర్చుకున్నారు. 2014 సెప్టెంబరులో పదో సీజన్ మొదటి భాగంలో, వాళ్లతోపాటు పనిచేసే ఎఫ్‌బీఐ మనస్తత్వవేత్త డాక్టర్ స్వీట్స్ పోయాడు. ఆ నటుడు జాన్ ఫ్రాన్సిస్ డేలీకి సినిమాకు దర్శకత్వం చేసే అవకాశమొచ్చింది, వ్యాపారం మళ్లీ అదే వ్యాపారం. కానీ కథ చూడండి. బూత్, బ్రెనన్ అప్పటికి భార్యాభర్తలు. చెయ్యని నేరానికి అతను మూడు నెలలు జైల్లో ఉండి, ఆమె పట్టుదలవల్ల బయటికొచ్చాడు. కలయిక ముందు, చావు తర్వాత. ఈసారి చావు వాళ్లను దగ్గరికి చేర్చలేదు. అతనికి ఎవరిమీదా నమ్మకం లేకుండా పోయింది, పగ తప్ప ఇంకేమీ కనపడలేదు. అన్నిటికీ మించి, స్వీట్స్ బిడ్డను మోస్తున్న డెయిజీ అక్కడ ఉంది. మీరడిగిన గడప అదే. పోయినవాడి ఇల్లు ఈసారి కథలో ఉంది.

బాబాయి: ఉంది. అందుకే ఆ భాగం చూసి నాకు కోపం రాలేదు, బాధ కలిగింది. చూశావా, వాళ్లకూ తెలుసన్నమాట. రెండోసారి సరిగా చెయ్యగలిగారంటే, మొదటిసారి ఏదో తక్కువైందనేగా?

అమ్మాయి: తక్కువైందనే ఒప్పుకుంటాను. ఆ రాత్రి తప్పు కాదు. వారానికే ఆ రాత్రిని పండగ చెయ్యడం తొందర. విన్సెంట్ బల్ల దగ్గర ఇంకో ఇంటర్న్ కూర్చోవడానికి పడిన కష్టం ఒక్క సీను ఉన్నా నేను ఇంత వాదించవలసివచ్చేది కాదు. ఆ రెండింటినీ విడదీసి చూడండి బాబాయ్. జంట చేసింది న్యాయం, కథ చేసింది సగం న్యాయం. నా తీర్పు అదే.

బాబాయి: సగానికి నేనూ ఒప్పుకుంటాను. మిగతా సగం నీ చేతిలో ఉంది. నువ్వు రాస్తున్న సిరీస్‌లో డ్యూటీలో ఒకడు పోతాడన్నావు కదా, ఆ చావుతో ఎస్సైకీ అతని భార్యకూ మధ్య ఉన్న అలక తీరుతుందన్నావు. తీరనివ్వు, నేను వద్దనను. కానీ ఆ కానిస్టేబుల్‌కి ముందు ఇంటిపేరు పెట్టు. సెలవు ఎందుకడిగాడో రాయి. తర్వాతి భాగం వాళ్ల ఇంటి దగ్గర మొదలుపెట్టి, ఆ ఎస్సైని భార్యతోపాటు ఆ తల్లి ముందుకు పంపించు. అక్కడ వాళ్లేం మాట్లాడతారో రాయగలిగితే, ఆ జంటను ఏ రాత్రి కలిపినా నాకు అభ్యంతరం లేదు. రాయలేకపోతే మాత్రం ఆ కుర్రాణ్ని బతకనివ్వమ్మా.